తెరను చూచి మురిసి: సటీకా తాత్పర్యం

అవతారిక

బీటెక్‌లో సీటొస్తే లాప్‌టాప్ కొనిపెడతానని మేనల్లుడు ఇంటర్లో ఉండగా నోరు జారాను. అప్పటి వాడి మార్కులు చూసి ధైర్యంగా అన్న మాట అది. వాడు మనసులో పెట్టుకుని చదివేశాడు. లాప్‌టాప్ చదువుకే అంది మా చెల్లెలు. కోడింగుకి అన్నాడు వాడు. వాడికి కావలసింది గేమింగ్ లాప్‌టాప్ అని నాకు తెలిసేసరికి ఇద్దరం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారు మెట్ల మీద ఉన్నాం.

దుకాణంలో గాజుబల్ల మీద రెండు యంత్రాలు పక్కపక్కన తెరిచి పెట్టారు. రెండూ పదహారంగుళాలవే. ఒకే కంపెనీ, ఒకే నలుపు, కీబోర్డు కింద ఒకే పెళ్లిపందిరి దీపాలు. లోపలి గ్రాఫిక్స్ కార్డు కూడా ఒకటేనట. తేడా అంతా తెరలో ఉంది. మొదటిది 1920 ఇంటూ 1200, రెండోది 2560 ఇంటూ 1600. ధరలో తేడా పద్నాలుగు వేలు.

"ఏది తీసుకోమంటావు మామయ్యా?" అన్నాడు వాడు, రెండోదాని మీద చెయ్యేసి. ఇలా అడిగినదాన్ని తర్కంలో ప్రశ్న అనరు, సిద్ధాంతం అంటారు.

"టూకే తీసుకోండి సార్, ఇంకో అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని దుకాణం కుర్రాడు కొటేషన్ కాగితం చేతిలో పెట్టాడు. ముప్ఫయ్యేళ్లు తెలుగు పాఠం చెప్పిన అలవాటు కొద్దీ ఆ కాగితం వెనక్కి తిప్పి ఒక ఆటవెలది రాసుకున్నాను. మూలకారుడూ నేనే, టీకాకారుడూ నేనే కాబట్టి కవి హృదయం ఏమై ఉంటుందన్న చర్చకు ఇక్కడ తావు లేదు. రఘువంశానికీ కిరాతార్జునీయానికీ వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ వాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేసుకున్న మహానుభావుడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు.

మూలం

ఆ. తెరను చూచి మురిసి ధర చూచి దడిసితి
చుక్కలెన్నొ యనుచు లెక్కపెట్టి
మోయువాని నడుగు మోజు నడుగబోకు
కంటి కెంత చాలు కార్డు కెంత

ప్రతిపదార్థం

తెరను = లాప్‌టాప్ తెరను; చూచి = దుకాణం వారు వెలుతురు పూర్తిగా పెంచి, సముద్రగర్భంలో రంగురంగుల చేపలు ఈదే వీడియో వేసి చూపించగా చూచి; మురిసి = ఆ చేపలు తనకూ కావాలనిపించేంతగా సంతోషించి; ధర చూచి = కొటేషన్ కాగితంలో అన్నిటికంటె కింద, పన్నుతో కలిపి వేసిన అంకెను చూచి; దడిసితి = భయపడితిని; చుక్కలు = పిక్సెళ్లు; ఎన్నొ యనుచు = ఎన్ని యున్నవో అనుకొనుచు; లెక్కపెట్టి = ఫోనులోని క్యాలిక్యులేటరుతో గుణించి; మోయువానిన్ = ఆ చుక్కల భారము మోసెడివానిని; అడుగు = ప్రశ్నింపుము; మోజున్ = వ్యామోహమును; అడుగబోకు = ప్రశ్నింపవలదు, దాని జవాబు ముందే తెలుసును గనుక; కంటికిన్ ఎంత చాలున్ = నేత్రమునకు ఎన్ని చుక్కలు సరిపోవునో; కార్డుకున్ ఎంత = గ్రాఫిక్స్ కార్డునకు ఎన్ని చుక్కలు సరిపోవునో. కడపట 'చాలు' అనే క్రియను అధ్యాహారం చేసుకోవాలి. కార్డుకి చాలడమేమిటి, ఎంతిచ్చినా చేస్తుంది కదా అనేవారికి విశేషాల్లో సమాధానం ఉంది.

అన్వయం

'లెక్కపెట్టి' అన్నది పద్యంలో 'దడిసితి' తర్వాత పడింది. జరిగిన వరసా అదే. ముందు దడిశాను, ఆ తర్వాత లెక్కపెట్టి మళ్లీ దడిశాను. మొదటి రెండు పాదాల్లో ఉత్తమపురుష, చివరి రెండింట్లో మధ్యమపురుష ఉన్నాయేమని ఆక్షేపించవచ్చు. దెబ్బ తిన్నవాడు నేను, ఉపదేశం వినవలసినవాడు మేనల్లుడు. దోషం లేదు.

తాత్పర్యం

తెర అందాన్ని చూసి, ధర చూసి, చుక్కలెన్ని అని లెక్కవేసి కొనేవాడు మోసపోతాడు. ఆ చుక్కల్ని నిమిషం తెరిపి లేకుండా గీయాల్సిన కార్డు శక్తి ఎంత, వాటిని చూడాల్సిన కన్ను ఎంతవరకు పట్టగలదు అన్న రెండూ తేల్చుకున్నాకే తెర ఎంచుకోవాలని భావం.

విశేషాలు

చుక్క అనే మాటలో శ్లేష ఉంది. పిక్సెల్ అని ఒక అర్థం, నక్షత్రమని ఇంకొకటి. పట్టపగలు కనిపించేవి రెండో రకం, కొటేషన్ చూసినప్పుడు కనిపించినవి కూడా అవే. తమాషా ఏమిటంటే పిక్సెల్ అనే మాట అచ్చులోకి వచ్చింది ఆకాశం వ్యవహారంలోనే. చంద్రుడికీ అంగారకుడికీ పంపిన నౌకలు తీసిన ఫొటోల్ని చుక్కలుగా విడదీసి చదివే పనిలో ఉన్న ఫ్రెడరిక్ బిల్లింగ్స్‌లీ, అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ శాస్త్రవేత్త, 1965లో రాసిన పత్రాల్లో దాన్ని వాడాడు. చిత్రంలో ఒక అంశ అని దానర్థం. మనకు చుక్క అన్న మాట ముందే ఉంది.

ఇక లెక్క. మొదటి తెరలో 23,04,000 చుక్కలు. రెండోదానిలో 40,96,000. పక్క అద్దాల బీరువాలో, తాకనివ్వకుండా, 3840 ఇంటూ 2400 తెర ఒకటి ఉంది. దానిలో 92,16,000. నిడివిలో రెట్టింపు కాగానే చుక్కలు నాలుగింతలవుతాయన్నది కొనేవాడికి తోచదు. పొలం కొలిచినవాడికి తోస్తుంది. ఈ తెరలు సెకనుకు 165 సార్లు మారతాయని డబ్బా మీద రాసుంది. అంటే రెండో తెరను నిజంగా ఆ వేగంతో నడిపించాలంటే కార్డు సెకనుకు 67 కోట్ల 58 లక్షల చుక్కలకు రంగు తేల్చాలి. ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి 6 మిల్లీసెకన్లు. మన రెప్పపాటులో అలాంటి బొమ్మలు పాతిక దాకా పోతాయి. ఈ లెక్క చెబితే మేనల్లుడు "అందుకే గదా మామయ్యా ఫ్యాన్లు రెండున్నాయి" అన్నాడు.

పాఠాంతరాలు. ఒకే తెరకు దుకాణానికో పేరు. 2560 ఇంటూ 1440 తెరను క్యూహెచ్‌డీ అంటారు, దానికి అర్థం ఉంది. 1280 ఇంటూ 720 అనే హెచ్‌డీ తెరలు నాలుగు పేర్చితే అది వస్తుంది. దాన్నే టూకే అనడం మాత్రం లేఖక ప్రమాదం. సినిమా హాళ్ల డిజిటల్ ప్రమాణంలో టూకే అంటే 2048 ఇంటూ 1080. ఆ లెక్కన టూకే పేరుకు దగ్గరి చుట్టం 1920 తెరే, 2560 కాదు. మా ముందున్న 1600 తెరను ఒక డబ్బా మీద టూ పాయింట్ ఫైవ్ కే అనీ, బల్ల మీది చీటీలో టూకే అనీ, బిల్లులో డబ్ల్యూక్యూఎక్స్‌జీఏ అనీ రాశారు. మూడు ప్రతులూ పరిశీలించి, అంకెల పాఠమే మూలపాఠమని నిర్ణయించాను. కొనబోయేవారు కూడా పేరు వదిలి అంకెలు అడగాలి. 1366 ఇంటూ 768 తెరల్ని ఏళ్ల తరబడి హెచ్‌డీ పేరుతో మనకు అమ్మారన్నది గుర్తుంచుకుంటే చాలు.

'కంటి కెంత చాలు' అన్నచోట కొంత ఆగాలి.

కంటి ఆసుపత్రిలో గోడకు వేలాడే అక్షరాల పటం నెదర్లాండ్స్ వైద్యుడు స్నెలెన్ 1862లో చేసింది. దాంట్లో ఆరుకి ఆరు చూపు అంటే, డిగ్రీలో అరవయ్యో వంతు కోణంలో ఉన్న వివరాన్ని విడదీసి పట్టగలగడం. లాప్‌టాప్‌ను అరవై సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుంటే ఆ కోణం తెర మీద సుమారు 0.17 మిల్లీమీటరు అవుతుంది. మొదటి తెరలో ఒక్కో చుక్క వెడల్పు 0.18. రెండోదానిలో 0.135. బీరువాలో ఉన్నదానిలో 0.09. దీన్నిబట్టి మొదటి తెర కంటి హద్దు మీద ఉంది, రెండోది హద్దు దాటింది, మూడోది హద్దు దాటి పక్క ఊరికి పోయింది.

అయితే మొదటిదే చాలు కదా, అని పూర్వపక్షం. కాదు. ఆరుకి ఆరు అన్నది మామూలు చూపుకు కొలత, పద్దెనిమిదేళ్లవాడి కంటికి గరిష్ఠం కాదు. పైగా రెండు చుక్కల్ని విడదీయడం ఒకటి, గీత ఎక్కడ విరిగిందో కనిపెట్టడం ఇంకొకటి. ఈ రెండో విద్యలో కన్ను చాలా గడుసుది. ఏటవాలు గీత మెట్లుమెట్లుగా ఉంటే చుక్క కంటె సన్నని తేడాను కూడా పట్టేస్తుంది. ఆటలో కరెంటు తీగలు, మెట్ల కమ్మీలు, దూరాన ఇంటి కప్పు అంచులు మినుకుమినుకుమంటే కంటికి ఇట్టే ఆనేది అందుకే.

నేను మాత్రం వేరే పరీక్ష పెట్టాను. చేపల వీడియో ఆపించి, రెండు తెరల మీదా ఒకే సైజులో 'రాష్ట్రం' అని కొట్టమన్నాను. కుర్రాడు నన్నూ మేనల్లుణ్నీ మార్చిమార్చి చూశాడు. గేమింగ్ లాప్‌టాప్ కొనడానికొచ్చి రాష్ట్రం అని కొట్టించినవాడు ఆ దుకాణానికి అదివరకు వచ్చి ఉండడు. ఇంగ్లీషు అక్షరానికి తల, తోక ఉంటే సరిపోతుంది. మనకు ష కింద ట ఒత్తు, దాన్ని చుట్టుకుని ర ఒత్తు, అవన్నీ ఒకే గదిలో కాపురం చెయ్యాలి. మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి మొదటి తెరలో పదహారు పదిహేడు చుక్కలు దొరుకుతాయి. రెండోదానిలో ఇరవై రెండు. మొదటి తెరలో ఒత్తులు రెండూ కలిసిపోయి కాటుక మరకలా ఉన్నాయి. రెండోదానిలో ట ఒత్తు కడుపు తెరుచుకుని కనిపించింది. శుక్లాలు తీయించుకున్న నా కళ్లకే కనిపించింది. పద్నాలుగు వేలలో రెండు వేలు అక్కడే చెల్లాయనుకున్నాను.

'మోయువాడు' ఎవరన్న విషయంలో మూడు అర్థాలున్నాయి. కార్డు అన్నది వాచ్యార్థం. తెరనూ యంత్రాన్నీ రెండున్నర కిలోల బరువుతో, ముప్పావు కిలో చార్జరు ఇటుకతో సహా హాస్టల్ నుంచి కాలేజీకి భుజాన వేసుకుపోయేవాడు అన్నది రెండోది. బిల్లు మోయువాడు అన్నది వ్యంగ్యం. సహృదయులు మూడోదాన్నే ప్రధానార్థంగా గ్రహిస్తారు. వాచ్యార్థాన్ని కూడా కొంచెం విప్పుకుందాం.

డెస్క్‌టాప్‌లో పెట్టె, తెర వేరు కాపురాలు. నచ్చకపోతే తెరను మార్చుకోవచ్చు, కార్డును మార్చుకోవచ్చు. లాప్‌టాప్‌లో అది విడాకుల్లేని పెళ్లి. అందుకే ముందు జాతకాలు చూడాలి. జాతకంలో కార్డు పేరు ఒక్కటీ చూస్తే సరిపోదు, ఎందుకంటే పేరు నానార్థాలున్న శబ్దం. ఆర్‌టీఎక్స్ 4070 అనే పేరుకు డెస్క్‌టాప్‌లో 12 జీబీ మెమరీ, లాప్‌టాప్‌లో 8 జీబీ. లాప్‌టాప్‌ల్లో కూడా ఒకే పేరు రకరకాలుగా ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాప్ కార్డుకు ఎన్విడియా ఇచ్చిన హద్దు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా. పలచని యంత్రంలో అరకొర కరెంటు తాగేదీ, లావుపాటి యంత్రంలో కడుపునిండా తాగేదీ ఒకే పేరుతో పిలిపించుకుంటాయి. తెర ఎంత అని అడిగేముందు వాట్లెన్ని అని అడగాలి. నేనడిగితే కుర్రాడు లోపలికెళ్లి ఇంకొకర్ని అడిగి వచ్చి "ఫుల్ పవర్ సార్" అన్నాడు. అంకె కావాలన్నాను. మళ్లీ వెళ్లాడు. మూడోసారి 115 అని తెచ్చాడు.

చుక్కలు ఒకటింబావు కాదు, ఒకటీ ముప్పావు రెట్లు పెరిగితే ఆట వేగం అంతకంత పడిపోదు. శత్రువు ఏ గోడ వెనక ఉన్నాడు, తూటా ఎటు పోయింది వంటి పనులు ప్రాసెసరువి, వాటికీ చుక్కలకీ సంబంధం లేదు. అయినా పెద్ద ఆటల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఫ్రేములు తగ్గుతాయి. కార్డుకున్న 8 జీబీ మెమరీ మూట మీద తెర మూట ఇంకొంచెం పడుతుంది. చార్జరు తీసేస్తే ఈ లెక్కలేవీ పనిచెయ్యవు, బ్యాటరీ మీద ఏ గేమింగ్ లాప్‌టాపయినా నీరసించిపోతుంది.

మరి ఎక్కువ చుక్కల తెర కొని, బరువైన ఆటకు తక్కువ చుక్కలు పెట్టుకుంటే సరిపోదా అని శంక. ఇది మంచి శంక. దీనికి సమాధానం మా ఆవిడ ముగ్గులో ఉంది.

ముగ్గుల్లో సరి చుక్క అని ఒకటి, సందు చుక్క అని ఒకటి. సరి చుక్కలో పై వరస చుక్క కిందే కింది వరస చుక్క పడుతుంది. సందు చుక్కలో రెండు చుక్కల నడిమి ఖాళీలో పడుతుంది. తెరలో చుక్కలు ఫ్యాక్టరీలోనే పెట్టేశారు, చెరిపి మళ్లీ పెట్టుకునే వీలు లేదు. 1920 చుక్కల బొమ్మను 2560 చుక్కల తెర మీద పరిస్తే, బొమ్మలోని ప్రతి మూడు చుక్కలకు తెర మీద నాలుగు వస్తాయి. అంచుల దగ్గర ఎలాగో సర్దుకున్నా నడుమవి సందులో పడతాయి. సందులో చుక్క లేదు. అప్పుడు యంత్రం ఆ రంగును అటు కొంత ఇటు కొంత పంచుతుంది. అక్షరాల అంచులు తడి పలక మీద రాసినట్టవుతాయి. ఇదంతా మా ఆవిడకు చెబితే, "మూడు చుక్కల ముగ్గు నాలుగు చుక్కల మీద వెయ్యమంటే వేసేవాళ్ల తప్పా, వెయ్యమన్నవాళ్ల తప్పా?" అంది. 3840 తెర మీద 1920 బొమ్మ వేస్తే మాత్రం సరి చుక్కే. ఒక చుక్కకు నాలుగు, పంపకం తెగిపోతుంది. కార్డు సెట్టింగుల్లో అలా పంచమనే ఏర్పాటు 2019 నుంచి ఉంది. వెనకటి గొట్టపు మానిటర్లకు ఈ చిక్కే లేదు, వాటి తెర మీద శాశ్వతంగా పెట్టిన చుక్కల వరస లేదు కాబట్టి ఏ కొలత ఇచ్చినా పరిచేసేవి.

సందు చుక్క బాధకు ఇప్పుడు విరుగుడు దొరికింది. దాన్ని డీఎల్‌ఎస్‌ఎస్ అంటారు. 2018లో ఆర్‌టీఎక్స్ కార్డులతో పుట్టింది. అవధానం చూసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, మిగతా మూడు పాదాలు అవధాని పూరిస్తాడు. పెర్ఫార్మెన్స్ అనే పద్ధతిలో ఈ యంత్రం చేసేది అక్షరాలా అదే. ప్రతి నాలుగు చుక్కల్లో ఒకటి కార్డు గీస్తుంది, మూడు పూరణ. వెనకటి ఫ్రేముల్లో ఏది ఎక్కడుంది, ఎటు కదులుతోంది అన్నది గుర్తుపెట్టుకుని పూరిస్తుంది కాబట్టి ధారణ కూడా ఉంది. వేగంగా పరిగెత్తే మనిషి వెనక ఒక్కోసారి పొగలాంటి నీడ మిగులుతుంది, అది యతిభంగం అనుకోండి. పృచ్ఛకుల్లో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు కదా, ఆ పాత్ర విండోస్ అప్‌డేటుది. తుపాకీ గురి కుదిరిన క్షణంలో వచ్చి, ఇప్పుడు రీస్టార్ట్ చెయ్యమంటారా అని అడుగుతుంది.

ఈ పూరణలో క్వాలిటీ అనే పద్ధతి ఉంది. పొడవులో మూడింట రెండు వంతులు, ఎత్తులో మూడింట రెండు వంతులు గీసి మిగతాది పూరిస్తుంది. 2560 ఇంటూ 1600 తెరకు కార్డు గీయాల్సింది అప్పుడు 1707 ఇంటూ 1067 మాత్రమే, అంటే 18 లక్షల పైచిలుకు చుక్కలు. మొదటి తెరను మామూలుగా నడపడానికి కావలసిన 23 లక్షల కంటె ఇది తక్కువ. పూరణ ఖర్చు కొంత కలిపినా మోయువాడి నడుం విరగదు. ఇదే విద్యను మొదటి తెర మీద ప్రయోగిస్తే ఇచ్చే పాదమే మరీ చిన్నదైపోయి పూరణ పండదు. పృచ్ఛకుడు సగం మాట మింగి సమస్య ఇస్తే అవధాని మాత్రం ఏం చేస్తాడు? దుకాణంలో నా మనసు రెండో తెర వైపు మొగ్గింది ఈ గుణకారంతోనే, మేనల్లుడి చెయ్యి దానిమీద ఉన్నందువల్ల కాదు. ఈ మాట మా చెల్లెలు నమ్మలేదు.

పద్యంలో అవ్యాప్తి దోషం ఒకటుందని ఒప్పుకోవాలి. రంగు మాట ఎత్తనేలేదు. మొదటి తెర కాగితంలో ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంది. ఎన్‌టీఎస్‌సీ అంటే అమెరికాలో 1953లో కలర్ టీవీకి పెట్టుకున్న ప్రమాణం. మన దేశానికి 1982లో ఏషియాడ్ ఏడాది కలర్ టీవీ వచ్చినప్పుడు మనం తీసుకున్నది పాల్ పద్ధతి. మన దేశపు టీవీ ఎన్నడూ ఎరగని డెబ్భయ్యేళ్ల నాటి తూకపురాళ్లతో సికింద్రాబాద్‌లో రంగులు తూస్తున్నారన్నమాట. పోనీ తూచినా అర్థం చెప్పరు. ఇప్పటి కంప్యూటర్లు, ఫొటోలు, ఆటలు వాడుకునే ఎస్ఆర్‌జీబీ ప్రమాణం పూర్తిగా పలకాలంటే ఆ తూకంలో 72 రావాలి. 45 అంటే మూడో వంతుకు మించి రంగు ముందే కోత. కుంకుమ ఇటుకపొడిలా, చిలకాకుపచ్చ ఎండుగడ్డిలా ఉంటాయి. రెండో తెర నూటికి నూరు పలుకుతుందని రాసుంది. ఆ రెండు యంత్రాలనూ చేపలతో కాకుండా ఒకే దేవుడి పటంతో పోల్చి చూశాను, తేడా ఆమడ దూరం నుంచి తెలిసింది. పద్నాలుగు వేలలో సింహభాగం పోయింది చుక్కలకు కాదు, ఇక్కడికే. 1200 తెరలోనే పూర్తి రంగులున్నది దొరికితే, కార్డు 6 జీబీదయితే, అదే తీసుకోండి అని ఈ పద్యానికి ఇంకో పాదం ఉండాల్సింది. ఆటవెలదికి నాలుగు పాదాలే.

పాకం. కిరాతార్జునీయం రాసిన భారవి మాటను కొబ్బరికాయతో పోల్చినవాడు మల్లినాథుడే, పగలగొడితే గాని రసం దక్కదని. ఆ దారిలో పోతే 1200 తెర ద్రాక్షాపాకం, నోట్లో వేసుకుంటే చాలు, ఏ కార్డయినా లాగేస్తుంది. 1600 తెర కదళీపాకం, తొక్క ఒలవాలి, ఆ ఒలవడం పైన చెప్పిన పూరణ. 2400 తెర నారికేళం. పగలగొట్టే బండరాయి అంతటి కార్డు లేనివాడు దాని జోలికి పోరాదు. ఉన్నవాడికి నా టీక అక్కర్లేదు.

ఛందస్సు. పద్యం ఆటవెలది. మొదటి రెండు పాదాల్లో ప్రాసయతి, తర్వాతి రెండింట్లో అసలు యతి. ఉపజాతుల్లో ప్రాసయతి చెల్లుతుంది. రెండుసార్లు వరసగా వాడడం కవి బద్ధకమే అన్న విమర్శను కవి తరఫున అంగీకరిస్తున్నాను. 'కార్డు' అన్యదేశ్యం. దాని బదులు 'చిత్రకల్పన ఫలకము' అని పెట్టమన్నారు మా పాత హెడ్‌మాస్టరు గారు. గణాలు కుదరలేదు.

ఫలశ్రుతి

రెండో తెర కొన్నాం. బిల్లు మోయువాడు మోశాడు. యంత్రం హాస్టల్‌కు వెళ్లింది.

దసరా సెలవుల్లో వాడు ఇంటికి తెచ్చాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక, నేను కొనిచ్చిన చుక్కలు ఎలా ఉన్నాయో చూద్దామని వాడి వెనక నిలబడ్డాను. కౌంటర్‌స్ట్రైక్ ఆడుతున్నాడు. బొమ్మ మసగ్గా ఉంది. తెర మీద మనుషులంతా అడ్డంగా సాగి, పెళ్లి భోజనాల్నుంచి వస్తున్నట్టున్నారు.

"ఇదేమిట్రా, ఇలా లావెక్కారు?" అన్నాను.

"స్ట్రెచ్డ్ మామయ్యా" అన్నాడు, తల తిప్పకుండా. "1280 ఇంటూ 960 పెట్టి అడ్డంగా సాగదీశాను. ఫ్రేములు ఎక్కువొస్తాయి, ఎదుటివాడు వెడల్పుగా కనబడతాడు. ప్రోల్లో చాలామంది ఇలాగే ఆడతారు."

ఆ కొటేషన్ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. పద్యం కింద కొంచెం చోటుంటే గుణించాను. 12,28,800. కొన్న చుక్కల్లో సరిగ్గా నూటికి ముప్ఫై.